ఒకే కిటికీ, ముగ్గురు పరిశీలకులు

కుట్టుషాపు, మేడ మీద
ఫిబ్రవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్‌లో నీతో మాట్లాడి లాభం లేదు. నేను చెప్పేదానికి ఊఁ కొడుతూ అవతల ఇంకేదో టకటకా కొట్టుకుంటూ ఉంటావు. మొన్న నిన్ను పరీక్షిద్దామని "షాపుకి నిప్పంటుకుందిరా" అన్నాను. "మంచిదక్కా, జాగ్రత్త" అన్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది చదివేటప్పుడైనా నీ రెండు చేతులూ కాగితం మీద ఉంటాయి.

విషయం ఏమిటంటే, నా కిటికీ పక్కన ఉన్న దీపస్తంభానికి ఎవరో ఒక కెమెరా బిగించి వెళ్లారు. దాని డబ్బా మీద మీ కంపెనీ పేరుంది. అది చూసేది కూడలినా, నన్నా? ముందు ఆ సంగతి తేల్చు. మీ బావగారు డ్రిల్లు మాస్టారు కదా, దాని ముందు నుంచి వెళ్లేటప్పుడల్లా పొట్ట లోపలికి పీల్చుకుంటున్నారు. ఆ వయసులో అంతసేపు ఊపిరి బిగబట్టడం మంచిది కాదు.

బిగించిన మనిషిని పిలిచి అడిగాను. డ్రైవరు లేని బండ్లు వస్తాయట, ఎవరు రోడ్డు దాటుతారో ఎవరు ఆగుతారో వాటికి ముందే తెలియాలట, అందుకని ఇక్కడి జనాన్ని చూసి నేర్చుకుంటాయట. నాకు నవ్వు ఆగలేదు. దానికి అంత ఎత్తున కెమెరా ఎందుకురా? ఇరవై రెండేళ్లుగా ఈ కిటికీ దగ్గర కూర్చుని మిషను తొక్కుతున్నాను, నన్నడిగితే చెప్పనా?

ఒక కాలు రోడ్డు మీదికి చాచి నిలబడతాడు చూడు, బ్యాంకు గుమాస్తా, వాడు దాటడు. బూటు మెరుస్తోందో లేదో చూసుకుంటాడు. లెక్కల టీచరమ్మ అటూ ఇటూ చూడదు, రోడ్డు వాళ్ల నాన్నగారిదన్నట్టు నడిచి వెళ్లిపోతుంది. ఎడమ రోడ్డు నుంచి పసుపు పెట్టె కట్టుకుని సైకిలు మీద వచ్చే కొరియరు మలుపు దగ్గర ఆగి తీరతాడు. అక్కడ నిలబెట్టి ఉన్న కారు అద్దంలో చూసుకుని తల దువ్వుకోనిదే ముందుకు కదలడు. వాడికి దువ్వెన అని పేరు పెట్టాను.

ఈ ముగ్గురి సంగతి మీ కెమెరాకి తెలుసా?

మీ అక్క

*

ఆఫీసు, ఏడో అంతస్తు, కిటికీ లేని గది
ఫిబ్రవరి 15

అక్కా,

కెమెరా చూసేది కూడలినే. అయినా బావగారిని పొట్ట అలాగే పట్టి ఉంచమను. మొన్న ఒక దృశ్యంలో ఆయన కనిపిస్తే మా యంత్రం "పరుగెత్తబోతున్నాడు" అని రాసింది.

నా పని గురించి ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడిగావు కాబట్టి విను. మనిషి అడుగు వేశాక చూసి బ్రేకు వేయడం ఏ బండైనా చేస్తుంది. వేయకముందే తెలుసుకోవాలి. రెండు క్షణాల ముందు తెలిస్తే బండి నెమ్మదిగా ఆగుతుంది, తెలియకపోతే జరిగేది నేను ఉత్తరంలో రాయను. ఈ ముందే చెప్పే భాగం మా విభాగానిది. దాన్ని నేను జోస్యుడు అంటాను. మా మేనేజరమ్మకి ఆ పేరు నచ్చదు.

మనిషి ఏం చేశాడో కెమెరాకి తెలుస్తుంది. ఏం చేద్దామనుకున్నాడో తెలియదు. దాటాలనుకున్నవాడు లారీని చూసి ఆగిపోవచ్చు, ఆగాలనుకున్నవాడిని వెనక జనం ముందుకు తోసేయవచ్చు. ఆ "అనుకోవడం" మనుషులు చూసి రాసిపెట్టాలి, అది చదివి జోస్యుడు నేర్చుకుంటాడు. పైగా మీ కూడలిలో ఒక పీడ ఉంది. ఎడమ రోడ్డు మలుపుకి ఎదురుగా సబ్బు ప్రకటన బోర్డు నిలబెట్టారు. సైకిళ్లు దాని వెనక్కి వెళ్లడం వరకే మాకు కనిపిస్తుంది. అక్కడ ఆగాయో సాగాయో కెమెరాకి తెలియదు. నీ కిటికీకి తెలుసు.

ఇప్పుడు జోస్యుడు వందమందిలో ఎనభై ఒక్కమంది సంగతి సరిగ్గా చెప్తున్నాడు. మే నెలాఖరులోపు తొంభై ఐదు చెప్పకపోతే మా విభాగం మూసేస్తారు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు అక్కా, నాకు వచ్చిన పని ఇదొక్కటే. బండి మొదట తిరగబోయేది కూడా మీ కూడలి మీదుగానే.

ఒక సాయం చెయ్యి. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు కిటికీలోంచి చూసి రాయి. గడియారం ప్రకారం టైము, మనిషి, దాటాలనుకున్నాడా ఆగాలనుకున్నాడా. నేను కెమెరా టైముతో సరిచూసుకుంటాను. ఎవరికీ చెప్పకు.

తమ్ముడు

*

కుట్టుషాపు
మార్చి 1

తమ్ముడూ,

పది రోజుల కాగితాలు పంపుతున్నాను. బట్టల కత్తిరింపులకి వాడే కాగితం మీద రాశాను, వెనక వైపు ఎవరిదో చంక కొలత ఉంటుంది, దాన్ని కూడా మీ జోస్యుడికి నేర్పకు.

ఈ పని మొదలుపెట్టాక నాకు పొగరెక్కిందని మీ బావగారు అంటున్నారు. నిజమే అనుకుంటాను. నాలుగింటికి కొలతలకి వచ్చినవాళ్లని "ఐదు దాటాక రండి" అని పంపేస్తున్నాను. ఏం పని అంటే "ప్రభుత్వ రహస్యం" అంటున్నాను. దర్జీకి ప్రభుత్వ రహస్యం ఏమిటని నిన్న ఒకావిడ లోపలికి తొంగి చూసింది. ఆవిడ లోదుస్తుల కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి, అంతకంటే రహస్యం ఏముంటుందన్నాను.

నాకు తెలిసిన కిటుకులు రాస్తున్నాను. దాటబోయేవాడు ముందు చేతిసంచీ భుజం మార్చుకుంటాడు. ఫోనులో పోట్లాడుతున్నవాడు దాటడు, అవతలివాడు ఫోను పెట్టేశాక దాటుతాడు. ప్రేమలో ఉన్న జంట పచ్చ లైటు పడినా దాటరు. పెళ్లయిన జంటలో ముందు నడిచేవాళ్లు దాటుతారు, వెనకవాళ్లు ఆగి తిడతారు. ముసలివాళ్లు బండ్లని చూడరు, పక్కన ఉన్న మనిషిని చూస్తారు. అతను కదిలితే వాళ్లూ కదులుతారు.

దువ్వెన రోజూ నాలుగూ ఇరవైకి వస్తున్నాడు, ఆగుతున్నాడు. వాడి గడిలో అన్నీ "ఆగుతాడు" అని పెట్టాను. జుట్టు అంత శ్రద్ధగా దువ్వుకునేవాడిని నా పెళ్లిలో కూడా చూడలేదు.

ఒక మాట. నీ అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కాగితం కరువొచ్చిందా? కాస్త పెద్దవిగా రాయి.

అక్క

*

ఆఫీసు, ఏడో అంతస్తు
మార్చి 28

అక్కా,

పెద్దవిగానే రాస్తున్నాను. చదువు రానివాడి ఉత్తరంలా ఉంది, సర్దుకో.

జోస్యుడు తొంభై మూడుకి వచ్చాడు. ఆరు వారాల్లో పన్నెండు అంకెలు. మా విభాగం వాళ్లు నన్ను చూసి లేచి నిలబడుతున్నారు. మేనేజరమ్మ నా బల్ల మీద ఒక చిన్న మొక్క పెట్టింది. కిటికీ లేని గదిలో మొక్క ఎందుకో ఆవిడకే తెలియాలి, కానీ పెట్టింది.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి, తిట్టకు. మా నియమం ప్రకారం ఒక్కో దృశ్యానికి ముగ్గురు వేర్వేరు మనుషులు గుర్తులు పెట్టాలి. ఒకరికొకరు తెలియకూడదు. ఆ కూడలి మనుషులు వాళ్లకి పరిచయస్తులు కాకూడదు. నేను కాగితాల మీద ముగ్గురిని చూపించాను. పరిశీలకుడు అ, పరిశీలకుడు ఆ, పరిశీలకుడు ఇ. ముగ్గురూ నువ్వే.

మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని అక్కడక్కడ ఇ చేత చిన్న తప్పులు చేయించాను. రాస్తూ రాస్తూ వాళ్లకి ముఖాలు కూడా వచ్చేశాయి. పరిశీలకుడు అ అంటే పద్ధతిగల మనిషి. ఆ అంటే మీసాలాయన, కొంచెం కోపిష్ఠి. ఇ కొత్తగా చేరింది, భోజనం అయ్యాక నిద్రపోతుంది.

చిక్కు ఏమిటంటే, మొన్న మీటింగులో మీసాలాయనకి ఉత్తమ పరిశీలకుడి ప్రశంసాపత్రం ప్రకటించారు. ఫోటో కావాలన్నారు. ఆయనకి ప్రచారం గిట్టదని చెప్పాను.

తమ్ముడు

*

కుట్టుషాపు
ఏప్రిల్ 20

మీసాలాయన తమ్ముడికి,

ప్రశంసాపత్రం పంపించు, మిషను పైన గోడకి తగిలించుకుంటాను. ఎవరైనా అడిగితే ఆయన నా మేనమామ అంటాను.

నవ్వు వచ్చింది, కాదనను. తర్వాత కాస్త గుబులుగా కూడా ఉంది. ముగ్గురు ఎందుకు ఉండాలన్నారో వాళ్లు ఊరికే అనలేదు కదరా. ఒకడికి చిన్న పొరపాటు జరిగితే పక్కవాడు పట్టుకోవాలనే కదా. నా పొరపాటు పట్టుకోవడానికి నేనే మూడుసార్లు కూర్చుంటే ఎలా? అయినా నువ్వు చదువుకున్నవాడివి, నీకు తెలియకుండా ఉంటుందా అని ఊరుకున్నాను.

పొరపాటు అంటే గుర్తొచ్చింది. బ్యాంకు గుమాస్తా చొక్కా చేతులు అటుదిటు ఇటుదటు కుట్టానని గొడవ చేశాడు. అతని భుజాలే అటూ ఇటూ ఉన్నాయని పంపేశాను. సూదిలో దారం ఎక్కించడానికి ఈ మధ్య చాలాసేపు పడుతోంది, సూదులు నాసిరకంవి వస్తున్నాయి.

ఒకటి చెప్పనా. నువ్వు ఆ ఊరు వెళ్లిన పదకొండేళ్లలో నాకు రాసినవాటికంటే ఈ మూడు నెలల్లో ఎక్కువ రాశావు. పోస్టు మనిషి కింద గంట కొడితే మిషను మీద నుంచి కాలు తీసేస్తున్నాను. మీ జోస్యుడు వంద దాకా వెళ్లకపోతే బాగుండునని కూడా ఒకసారి అనుకున్నాను, అలా అనుకున్నందుకు లెంపలేసుకున్నాను.

దువ్వెన క్షేమం. ఆగుతూనే ఉన్నాడు.

అక్క

*

ఆఫీసు, ఏడో అంతస్తు
మే 9

అక్కా,

తొంభై ఆరు. విభాగం నిలబడింది. కేకు కోశారు, నా చేతే కోయించారు. మేనేజరమ్మ "ఆ ముగ్గురిని కూడా పిలవాల్సింది" అంటే కేకు గొంతులో అడ్డం పడింది.

పదహారో తారీకు సాయంత్రం నాలుగింటి నుంచి బండి మీ కూడలిలో తిరుగుతుంది. ఇది పరీక్ష మాత్రమే. ముందు సీట్లో ఒక మనిషి కూర్చుంటాడు, అవసరమైతే బ్రేకు తొక్కుతాడు. అంతా బాగుంటే జూన్ మొదటి సోమవారం నుంచి ఆ మనిషి కూడా ఉండడు, జనాన్ని ఎక్కించుకుని తిరుగుతుంది. తెల్లటి బండి, చూస్తే రొట్టెముక్కలా ఉంటుంది. కిటికీ దగ్గర కూర్చుని చూడు. నువ్వు నేర్పిన బండి అది.

గుబులు అన్నావు కదా. నువ్వు చెప్పినవన్నీ నిజమయ్యాయి, జోస్యుడికి అంతకంటే ఏం కావాలి? ముగ్గురు లేకపోతే ఏం, నీలాంటిది ఒక్కతె చాలు.

తమ్ముడు

*

కుట్టుషాపు
మే 17

తమ్ముడూ,

నీకు అక్కడ ఈపాటికి తెలిసే ఉంటుంది. బండి మన దువ్వెనని పడేసింది.

నాలుగూ ఇరవైకి వచ్చాడు పాపం, ఎప్పట్లాగే. ఏమైందో బండి ఆగలేదు. బ్రేకు కీచుమన్నది, ఆ పైన సైకిలు పడ్డ చప్పుడు, పెట్టెలు దొర్లిన చప్పుడు. జనం మూగారు. ప్రాణానికి ఏమీ కాలేదని కిందివాళ్లు అనుకుంటుంటే విన్నాను. ముందు సీట్లో మనిషి తొక్కబట్టి సరిపోయింది, లేకపోతే వాడి గతి ఏమయ్యేదో. నేను పైనుంచే చూశాను, కొలతలకి ఒకావిడ ఉంది, దిగలేకపోయాను.

వాడు ఆగే మనిషి కదరా. ఆగేవాడిని కొట్టడం ఏమిటి? మీ బండికి కళ్లు నెత్తికెక్కాయా? నేను రాసింది మీ జోస్యుడు సరిగ్గా చదువుకోలేదు, నీ పిల్లకాయ రాతే దానికి కారణం.

జవాబు వెంటనే రాయి. మనసు బాగోలేదు.

అక్క

*

ఆఫీసు, ఏడో అంతస్తు
మే 22

అక్కా,

బండి లోపలి కెమెరాలో ఉన్నది ఇరవైసార్లు చూశాను.

పడింది దువ్వెన కాదు. ఒక అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయి. ఎర్ర చొక్కా, నెత్తి మీద టోపీ, వీపు మీద పొడుగాటి జడ. పసుపు పెట్టె ఒక్కటే నీ దువ్వెనకి ఉన్నలాంటిది. ఆ దారిలో మార్చి మొదటి వారం నుంచి ఆ అమ్మాయే వస్తోందని కొరియరు కంపెనీ వాళ్లు రాసి ఇచ్చారు. నువ్వు చెప్పే మనిషికి వేరే దారి వేశారట. ఈ అమ్మాయి మలుపు దగ్గర ఎప్పుడూ ఆగదు. ఆగే అవసరం కూడా లేదు, దారి ఆమెదే.

నువ్వు మార్చి, ఏప్రిల్, మే, మూడు నెలలు రోజూ నాలుగూ ఇరవైకి "ఆగుతాడు" అని రాశావు. బోర్డు వెనక ఏం జరిగేదో చెప్పగలిగింది నువ్వు ఒక్కదానివే. పసుపు పెట్టె ఉన్న సైకిలు ఆగుతుందని జోస్యుడు నేర్చుకున్నాడు, అందుకే బండి తన దారిన తాను వచ్చింది. నేర్చుకున్నదే చేసింది.

నువ్వు పైనుంచి చూశానన్నావు. జడ ఉన్న మనిషిని దువ్వెన అనుకోవడం ఎలా కుదిరింది? అసలు చూస్తూ రాశావా, మిషను తొక్కుకుంటూ గుర్తున్నది రాశావా?

మేనేజరమ్మ రిపోర్టు తయారు చేసింది. "సైకిలు నడిపే వ్యక్తి అనూహ్యంగా ప్రవర్తించారు" అని. నేను సంతకం పెడితే తప్పు ఆ అమ్మాయిది అవుతుంది, సోమవారం అనుకున్నట్టే బండి తిరుగుతుంది, ముందు సీట్లో మనిషి లేకుండా. ముప్ఫయ్యో తారీకు లోపు పెట్టాలి. నాకు నిద్ర పట్టడం లేదు. నిజం చెప్పు.

తమ్ముడు

*

కుట్టుషాపు
మే 26

ఒరేయ్,

నిజం చెప్తాను, మధ్యలో అరవకుండా చదువు.

నాకు కనిపించడం లేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. పోయిన ఏడాది చివర్లోనే డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అంటే భయం వేసింది, మీ బావగారికి కూడా చెప్పకుండా నెట్టుకొచ్చాను. కుడివైపు రోడ్డు షాపు కిందే కాబట్టి నడకని బట్టి, దగ్గుని బట్టి, చెప్పుల చప్పుడుని బట్టి మనుషులు తెలిసిపోతారు. వాళ్ల సంగతి సరిగ్గానే రాశాను. ఎడమ రోడ్డు దూరం, సాయంత్రం ఎదురెండ. అక్కడ నాకు కనిపించేవి రంగులు మాత్రమే. నాలుగూ ఇరవైకి పసుపు రంగు వస్తుంది, పసుపు రంగు అంటే దువ్వెన, దువ్వెన అంటే ఆగుతాడు. అలా రాసేశాను. ఆగినట్టు కూడా కనిపించేదిరా, అబద్ధం కాదు. ఉన్నాడనుకుంటే ఉన్నట్టే ఉంటుంది.

మొదటి వారంలోనే చెప్పాల్సింది. చెబితే నువ్వు ఉత్తరాలు మానేస్తావని భయపడ్డాను. ఇంతకంటే కారణం ఏదీ లేదు. సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం వచ్చాక మీ బావగారి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. ఆఖరి మెట్టు నాకు కనిపించదు, అందుకే ఆరోజు కూడా దిగలేదు. కొలతలావిడ ఎవరూ లేరు. కొరియరు ఆఫీసుకి వెళ్లి ఆ అమ్మాయి ఇల్లు కనుక్కున్నాం. కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. ఎదురుగా కూర్చుని నేనే చెప్పాను, "నువ్వు ఆగుతావని రాసింది నేనే అమ్మా" అని. "నేను కనిపించనంత నల్లగా లేను కదండీ" అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత, "మీ తమ్ముడికి కళ్లు బాగానే ఉన్నాయి కదా, ఆయన ఎందుకు చూడలేదు?" అని అడిగింది. దానికి జవాబు నువ్వే రాయాలి.

ఇప్పుడు నా మాట విను. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టకు. నన్ను కాపాడుతున్నాననుకుని పెట్టేవు, అది నాకు అక్కర్లేదు. సోమవారం ఆ రొట్టెముక్క ఖాళీ సీటుతో వస్తుంది. ఎడమ రోడ్డు మీద పసుపు పెట్టెలు కట్టుకుని ఆరుగురు తిరుగుతున్నారు, కనుక్కున్నాను. వాళ్లెవరికీ తల దువ్వుకునే అలవాటు లేదు. వెళ్లి చెప్పు. నీ ముగ్గురు పరిశీలకులూ ఒకే ఆడది అనీ, దానికి కళ్లు కనిపించవనీ చెప్పు.

ఉద్యోగం పోతుంది, తెలుసు. నాకు తెలిసే చెప్తున్నాను.

అక్క

*

గది
జూన్ 6

అక్కా,

చెప్పేశాను.

పెద్ద బల్ల చుట్టూ ఏడుగురు కూర్చున్నారు. కంపెనీ వకీలు ఒక్కొక్కటే రాసుకుంటున్నాడు. "పరిశీలకుడు అ ఎవరు?" అన్నాడు. మా అక్క అన్నాను. "ఆ?" మా అక్క. "మీసాలాయనా?" అని మేనేజరమ్మ అడిగింది. ఆయన కూడా మా అక్కే అన్నాను. వకీలు ఇ గురించి అడగలేదు, తనే రాసేసుకున్నాడు. ఎవరో ఒకరు నవ్వి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. ఎవరూ నవ్వలేదు.

బండి ఆగింది. జోస్యుడికి మీ కూడలిలో నేర్పినదంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారట, ఈసారి నిజంగా ముగ్గురితో. ఎడమ రోడ్డుకి వేరే కెమెరా పెడతారు. రిపోర్టులో ఆ అమ్మాయి తప్పేమీ లేదని రాశారు, నా కళ్లతో చదివాను. ఆమె అడిగినదానికి జవాబు కూడా అదే కాగితంలో రాసి ఇచ్చాను. అంకె పెరుగుతుంటే నేను అంకెనే చూశాను. ఎడమ రోడ్డు మీద వచ్చే మనిషి ఎవరో ఒక్కరోజు కూడా పెద్దది చేసి చూడలేదు. బోర్డు వెనక్కి వెళ్లేముందు రెండు క్షణాలు ఆ జడ మా కెమెరాలో కూడా కనిపిస్తోంది. నీకు శుక్లాలున్నాయి, నాకు ఏమున్నాయో తెలియదు.

నా గురించి దిగులు పడకు. వేరే విభాగంలోకి మారుస్తారట, బోలెడంత పని ఉంటుంది. అందుకే నీ ఆపరేషన్‌కి రాలేకపోతున్నాను. బావగారు ఉన్నారు కదా. డాక్టరు చెప్పినట్టు విను, డాక్టరుకి నువ్వు చెప్పకు.

తమ్ముడు

*

కుట్టుషాపు
జూన్ 25

తమ్ముడూ,

ఒక కన్ను అయింది, ఇంకోటి రెండు నెలల తర్వాత. కట్టు విప్పి గోడ మీద అక్షరాలు చదవమంటే ఆఖరి వరుస దాకా చదివి, కింద అచ్చువేసినవాళ్ల పేరు కూడా చదివాను. ఇంటికి వచ్చి మీ బావగారి ముఖం చూసి ఈ ముడతలన్నీ ఎప్పుడు వచ్చాయని బాధపడ్డాను. తర్వాత అద్దంలో చూసుకున్నాను, ఆయన మీద జాలి తగ్గింది.

కొరియరు అమ్మాయి చెయ్యి నయమయ్యేదాకా నా షాపుకి వచ్చి కూర్చుంటోంది. దానికి ఒక చెయ్యి, నాకు ఒక కన్ను, ఇద్దరం కలిస్తే ఒక దర్జీ అవుతాం. నోరు మాత్రం ఇద్దరికీ ఇద్దరేసి మనుషులకి సరిపడా ఉంది.

నిన్న సాయంత్రం నాలుగింటికి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎడమ రోడ్డు చివరిదాకా కనిపించింది, ఆకులు కూడా విడివిడిగా. అవతలి వైపు ఒక మనిషి చేతిసంచీతో నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది, బాగా చిక్కిపోయాడు. పచ్చ లైటు పడింది, అందరూ దాటారు, అతను దాటలేదు. మళ్లీ పడింది, మళ్లీ దాటలేదు. సంచీ భుజం కూడా మార్చుకోలేదు. "ఇతను దాటడు" అని అమ్మాయితో అన్నాను. ఎందుకని అడిగింది. అంత తప్పు చేసినవాడిలా నిలబడ్డవాడు దాటడు అన్నాను. నాలుగోసారి లైటు పడినప్పుడు అతను వెనక్కి తిరిగాడు.

తిరిగితే వీపు కనిపించింది. నీ ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం కిందికి ఉంటుందిరా. ఇరవై ఏళ్లుగా నీ చొక్కాలన్నీ ఆ కొలతకే కుడుతున్నాను. పిలుస్తూ మెట్లు దిగాను, ఆఖరి మెట్టు కూడా కనిపించింది, కిందికి వచ్చేసరికి నువ్వు లేవు.

వేరే విభాగం అని రాశావు. ఆఫీసు ఉన్నవాడు ఉత్తరం పై మూల ఉత్త "గది" అని రాయడని నాకు అప్పుడే అనుమానం. ఉద్యోగం పోయినందుకు నేను నిన్ను ఒక్క మాట అనేదాన్నా? పదకొండేళ్ల తర్వాత రోడ్డు అవతలి దాకా వచ్చి పోతావా? కొత్త కంట్లో నీళ్లు రాకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడు. నీ పుణ్యమా అని వచ్చాయి.

అమ్మాయి నీతో చెప్పమంది. రమ్మను, కొట్టను, ఒక చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది అని.

శనివారం నాలుగింటికి మళ్లీ రా. నేను కిటికీ దగ్గర ఉండను. అవతలి వైపున, నువ్వు నిన్న నిలబడ్డ చోటే నిలబడి ఉంటాను. పచ్చ లైటు పడగానే నీ చెయ్యి పట్టుకుంటాను. నువ్వు దాటుతావో దాటవో ఎవరూ చెప్పనవసరం లేదు.

అక్క